టిక్కీ మోసినోడిది కష్టమా, తిట్లు మోసినోడిదా?

ప్రశ్న: అక్కయ్యా, మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో 30 ఏళ్లు ముఠా పని, అంటే టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ పని చేశారు. నేను విజయవాడలో ఒక లోన్ కంపెనీలో కలెక్షన్ కాల్స్ చేస్తా, ఏసీలో కూర్చునే ఉద్యోగమే. కానీ ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. నాన్నేమో "ఫోన్లు మాట్లాడ్డానికి కూడా అలుపేంట్రా" అని నవ్వుతారు. నాది నిజంగా కష్టమేనా, నేనే బద్ధకస్తుణ్ణా?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ముందు నాన్నగారి సంగతి చెప్తా. ఒకసారి మార్చిలో, సీజన్ మంచి జోరు మీదున్నప్పుడు పొద్దున్నే యార్డుకెళ్లా, గేటు దాటి పది అడుగులేశానో లేదో దగ్గు, తుమ్ములు, కళ్లెంట నీళ్లు. ఆ ఘాటు మిర్చిలో ఉండే క్యాప్సైసిన్ అనే పదార్థానిది, నీళ్లలో సరిగా కరగదు కాబట్టి మొహం ఎన్నిసార్లు కడిగినా మంట మంటే. అందులోనే ముఠావాళ్లు మూతికి కండువా చుట్టుకుని, నలభై కేజీల టిక్కీ వీపునేసుకుని లారీకి ఆనించిన చెక్క మీద చకచకా ఎక్కేస్తున్నారు. నీ కష్టాన్ని దాంతో పోటీ పెట్టకు, ఓడిపోతావ్.

కానీ అలుపంటే బరువొక్కటే కాదు కదా. పోనీ బుర్ర వాడ్డం వల్లా అంటే, మెదడు మన ఒంటి శక్తిలో ఐదో వంతు ఎటూ తింటుంది, గట్టిగా ఆలోచించినంత మాత్రాన అదేం పెద్దగా పెరగదు. నీ సంగతి వేరే. 1979లో అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు చెప్పిందేంటంటే, ఒత్తిడి ఎక్కువుండి చేతిలో నిర్ణయం లేని పనే మనిషిని పిండేస్తుందని. ముఠావాళ్లు నలుగురూ అనుకుంటే టిక్కీలు పక్కనెట్టి టీ తాగొస్తారు, నీకేమో ఒక కాల్ అవ్వకముందే ఇంకోటి, స్క్రిప్ట్ దాటకూడదు, పైగా నీ టార్గెట్ ఎవడో వేస్తాడు.

ఇంకోటుంది. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో 'భావోద్వేగ శ్రమ' గురించి రాసింది, ఎవర్ని చూసి రాసిందనుకున్నావ్, ఎయిర్‌హోస్టెస్‌లనీ, అచ్చం నీలా బాకీలు వసూలు చేసేవాళ్లనీ! ఎయిర్‌హోస్టెస్‌లు రాని నవ్వు తెచ్చుకోవాలి, మీరు రాని కోపం తెచ్చుకోవాలి. నేనూ రెండేళ్లు ఒకచోట కంప్లైంట్ల కౌంటర్‌లో కూర్చున్నా, రాత్రి బియ్యం కడుగుతుంటే మా ఆయన పిలిస్తే నోట్లోంచి "చెప్పండి సార్, మీ సమస్యేంటి" అని వచ్చేసింది. ఆయన నవ్వాడు, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇక చేసిన పనికి అర్థం కనిపించడం మాటంటావా, నాన్నగారికి సాయంత్రానికి నిండిన లారీ కళ్లముందుంటుంది. నీకు పర్సెంటేజీ కనిపిస్తుంది, అవతలున్నది మిర్చి రేటు పడిపోయిన రైతే అయినా నీ స్క్రీన్ మీద వాడు ఒక నంబరే. ఇది నీ బద్ధకం కాదు, ఆ పని తయారుచేసిన తీరే అంత.

ఒక్క పని చెయ్. లోన్ బాకీ అడుగుతూ ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లోనే ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది, మీ ఆఫీసులో 7 దాటాక కూడా డయల్ చేయిస్తుంటే ఆ కాగితం పట్టుకుని టీమ్ లీడర్‌ని అడుగు, ఒక్కడివే కాదు, నలుగురు కలిసి అడగండి.

ఇక నాన్నగారితో వాదన పెట్టుకోకు. రోజుకి ఎన్ని తిట్లు తింటావో, తిన్నాక ఏమనాలో అది మాత్రం చెప్పు. యార్డులో తిట్లకి కొదవేం లేదు, ఆయనకి బాగా తెలుసు, కాకపోతే అక్కడ తిరిగి తిట్టొచ్చు కదా.