ఇంటర్వ్యూ దాటలేని బీకాం అబ్బాయికి ఏ పని?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. ఆటిజం ఉంది. బీకాం కంప్యూటర్స్ పాసయ్యాడు, ట్యాలీ వచ్చు. లెక్కలో తప్పుంటే ఇట్టే పట్టేస్తాడు. ఇంటర్వ్యూలో మాత్రం తల వంచుకుని ముక్తసరిగా జవాబిస్తాడు. మూడు చోట్ల వద్దన్నారు. ఎలాంటి ఉద్యోగం చూడాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, క్యాష్ కౌంటర్ ఉద్యోగాలు వెతకకండి. అక్కడ లెక్క కన్నా జనంతో నెగ్గుకురావడమే పెద్ద పని. ఆడిటర్ ఆఫీసుల్లో అడగండి. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బితో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) సరిచూసే పని ప్రతి నెలా ఉంటుంది. బిల్లు నంబరు, తేదీ, జీఎస్టీ నంబరు, పన్ను మొత్తం ఒక్కొక్కటే పోల్చాలి. చాలామంది విసుగుతో తప్పులు వదిలేసేది ఇక్కడే. మీవాడి చూపుకు విలువ దొరికేదీ ఇక్కడే.

ఇంటర్వ్యూ బదులు పని ఇచ్చి చూడమని అడగండి. గడిచిన నెల బిల్లులు యాభై ఇచ్చి, తేడాలు ఎక్సెల్‌లో రాయమంటే చాలు. మాట కన్నా ఆ షీటే అతని గురించి బాగా చెబుతుంది.

చేరాక ఇబ్బంది వచ్చేది చాలాసార్లు పని చెప్పే తీరుతోనే. “కాస్త చూసి పంపించెయ్” అంటే ఏది, ఎంతవరకు, ఎవరికి అన్నది తెలియదు. ఫైలు పేరు, గడువు, ఎవరికివ్వాలో రాసి ఇవ్వమనండి. సందేహం వస్తే అడగడానికి ఒక్క మనిషినే చూపించమనండి. 2బి సాధారణంగా 14న వస్తుంది, నెలవారీ 3బి (పన్ను లెక్క చూపే రిటర్ను) గడువు 20. ఆ వారం రద్దీగా ఉంటుందని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి, హఠాత్తుగా మీద పడితే కంగారు పడతాడు. కుర్చీ తలుపు పక్కనా, ప్రింటర్ పక్కనా వద్దు. హెడ్‌ఫోన్స్‌కు అనుమతి అడగండి, అది గొంతెమ్మ కోరిక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి సదుపాయాలను గుర్తించింది.

యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) లేకపోతే ఇప్పుడే దరఖాస్తు చేయండి. ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే మెడికల్ బోర్డు తేదీ దొరక్క గడువు దాటిపోవచ్చు. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా నమోదైతే ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం రిజర్వేషన్‌కు అర్హత వస్తుంది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటి వాటన్నిటికీ కలిపి ఇస్తారు. పోటీ తక్కువేం కాదు, అందుకే ప్రైవేటు ప్రయత్నం ఆపకండి.

మొదటి నెల ఒక్క పూట పనే అడగండి. అలసట కనిపించకపోతే గంటలు పెంచవచ్చు.