పలుపు ముడి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది కోపంతో. దివిసీమ ఉప్పెనలో శవాలు మోసిన తాతకి ముసలితనంలో మతిమరుపు జబ్బొచ్చి, అన్నీ మర్చిపోయి హాయిగా నవ్వాడని ముగించావు. అలా ఎక్కడ చూశావమ్మా?

నేను చూసింది చెబుతాను. మా పెదనాన్నది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19, శనివారం. నీళ్లు మీదికొస్తుంటే పిల్లల్ని చంకనేసుకుని గుడి పైకెక్కాడు. నాలుగో రోజున నేను విజయవాడ నుంచి బియ్యం లారీలో వెళ్లాను. అప్పుడు నాకు 19 ఏళ్లు. తుమ్మకంపల్లో మనుషులూ పశువులూ కలిసే చిక్కుకుని ఉన్నారు. గుడ్డలో కర్పూరం పెట్టి ముక్కుకి కట్టుకున్నాం.

పెదనాన్న పాడిగేదె గుంజ దగ్గరే పడి ఉంది. పలుపు నానిపోయి ముడి బిగుసుకుపోయింది. కొడవలి ఇస్తే వద్దన్నాడు. చచ్చిన గేదె పక్కన గొంతుక్కూర్చుని గోళ్లతో ఆ ముడి విప్పుతూనే ఉన్నాడు. గోటి సందుల్లో నెత్తురు. అది చూడకుండా ఉండాల్సిందని ఎన్ని రాత్రులు అనుకున్నానో.

ఎనభై దాటాక ఆయనకీ నీ కథలో జబ్బే వచ్చింది. నా పేరు మర్చిపోయాడు. పెద్దమ్మ పోయిన సంగతీ మర్చిపోయాడు. గాలి గట్టిగా వీస్తే మాత్రం లేచి కూర్చుని, "గేదెని విప్పార్రా?" అనేవాడు.

నా మొదటి కథ ఈ ముడి గురించే. ఒక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి "ఆ దృశ్యం వర్ణనాతీతం" అని అచ్చేశాడు. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. నీ మూడో పేజీలోనూ అదే మాట ఉంది, తీసెయ్. పది వేల మందికి పైగా పోయారని అందరూ రాశారు. ఆ ఒక్క ముడి మాత్రం నేనే రాయాలి, ఎందుకంటే అక్కడ నిలబడి చూసినవాణ్ని నేను. ఇప్పుడేమో కథ చివర పాఠకుడికి రిలీఫ్ ఇవ్వాలంటున్నారు. ఏ పాఠకుడు అడిగాడు?

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత. మీ తాతగారు ఉన్నారా? ఉంటే, గాలివాన రోజున వెళ్లి పక్కన కూర్చో. ఏమీ అడగొద్దు. ఆయన చేతులు చూడు.

చివరి పేజీ తిప్పి పంపుతున్నాను. తాత చలికాలంలో కూడా గుమ్మం దగ్గరే మంచం వేయించుకునే పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.