కుక్క, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి రోబో వాక్యూమ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

సక్షన్ అంకె కన్నా ముందు, కింద బ్రష్ రబ్బరుదేనా, ముందువైపు అడ్డంకుల్ని గుర్తుపట్టే కెమెరా ఉందా అన్నది చూడండి.

కుచ్చు బ్రష్ పోగుల్లో కుక్క వెంట్రుకలు చుట్టుకుపోతాయి. రబ్బరు రోలర్‌కు అంతగా పట్టవు, పట్టినా తీయడం తేలిక. (పొడవాటి జడ వెంట్రుకలు మాత్రం దేన్నీ వదలవు.)

ఇక కెమెరా సంగతి. చాలా మోడళ్లకు పైన బుడిపెలా కనిపించే లైడార్ (లేజర్‌తో దూరాలు కొలిచే సెన్సర్) గదిని మ్యాప్ చేయడానికి. దాని లేజర్ రోబో పైభాగం ఎత్తులోనే చుట్టూ తిరుగుతుంది కాబట్టి గోడలు, సోఫా కాళ్లు తెలుస్తాయి. నేల మీది క్రేయాన్, సాక్సు, ఛార్జర్ వైరు దాని కంట పడవు. ఉదాహరణకు, రాత్రి కుక్కపిల్ల హాల్లో పాడు చేసిందనుకోండి. లైడార్ మాత్రమే ఉన్న రోబో ఆ మలం మీదుగా వెళ్లి, చక్రాలతో ఇల్లంతా పూసేస్తుంది. కెమెరా ఉన్నా చీకట్లో పొరపడొచ్చు, అందుకే పగలే నడపడం మేలు.

ఎక్కువమంది పొరపడేది సక్షన్‌ను చెప్పే పాస్కల్స్ అంకె దగ్గర. 10,000 అని రాసి ఉంటే బాగా ఊడుస్తుందని కాదు. ఆ అంకె గాలి ఒత్తిడిలో తేడానే చెబుతుంది. ఎంత గాలి లాగుతుందో, బ్రష్ నేలకు ఎంత ఆనుతుందో చెప్పదు. టైల్స్, గ్రానైట్ నేలకు మధ్యరకం సక్షన్ చాలు, మందపాటి కార్పెట్ ఉంటేనే ఎక్కువ కావాలి.