వారం రోజుల పీసీఆర్ కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. ఆఫ్రికాలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) సర్వైలెన్స్ ల్యాబ్‌లలో, అంటే ఆ జబ్బుపై నిఘా పెట్టే ల్యాబ్‌లలో పనిచేయాలని ఉంది. వారం రోజుల పీసీఆర్ కోర్సు చేస్తే చాలా?

జవాబు: చాలదు. పీసీఆర్ అంటే శాంపిల్‌లోని డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచి సూక్ష్మజీవిని గుర్తించే పరీక్ష. దానికి శాంపిళ్లు పోసే ప్లేటు లోడ్ చేయడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఏ ఫలితాన్ని నమ్మకూడదో తెలియడమే అసలు పని.

సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా 26 దేశాలను ‘మెనింజైటిస్ బెల్ట్’ అంటారు. 2010లో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన మెనాఫ్రివాక్ టీకా వచ్చాక, ఈ జబ్బు తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియాలో ఎ గ్రూపు దాదాపు కనుమరుగైంది. 2015లో నైజర్‌లో సి గ్రూపు విరుచుకుపడింది. ఏ గ్రూపో తేలితేనే ఏ టీకా పంపాలో తెలుస్తుంది. అప్పటికే యాంటీబయాటిక్ పడటంవల్లో, దారిలో ఆలస్యంవల్లో వెన్ను నీటిలో బ్యాక్టీరియా చచ్చిపోతే కల్చర్ రాదు, అంటే ల్యాబ్‌లో పెంచినా పెరగదు. డీఎన్‌ఏ మాత్రం మిగులుతుంది. పీసీఆర్ అవసరం అక్కడే.

మెనింజైటిస్ తెచ్చే మూడు బ్యాక్టీరియాల్లో మెనింగోకాకస్‌కు సోడ్‌సి, న్యూమోకాకస్‌కు లిట్‌ఎ, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాకు హెచ్‌పీడీ జీన్‌లను వెతుకుతారు. సిగ్నల్ కనిపించడానికి ఎన్ని సైకిళ్లు పట్టాయో చెప్పే అంకె సీటీ. సాధారణంగా అది 35 లోపైతే పాజిటివ్, 40 దాటితే నెగెటివ్. చిక్కంతా 36–40 మధ్యే. శాంపిల్‌లో రక్తం కలిస్తే అది రియాక్షన్‌ను అణచేస్తుంది. అప్పుడు పది రెట్లు పలుచన చేసి మళ్లీ రన్ చేయాలి. మామూలుగా పలుచన చేస్తే సీటీ ఉన్నదానికంటే సుమారు 3.3 పెరగాలి. పెరగకపోగా తగ్గిందా, అడ్డుపడింది రక్తమే. మనిషి డీఎన్‌ఏకు పెట్టే ఆర్‌నేస్-పి కంట్రోల్ కూడా రాకపోతే ఆ నెగెటివ్‌ను రిపోర్టులో రాయకూడదు.

ప్లేటులో నీళ్లు మాత్రమే పోసిన గుంటలో (వెల్) సిగ్నల్ కర్వ్ లేచిందంటే రన్ మొత్తం పారేయాల్సిందే. మాస్టర్ మిక్స్ (రియాక్షన్‌కు కావలసిన రసాయనాల మిశ్రమం) కలిపే చోటుకి, డీఎన్‌ఏ చేర్చే చోటుకి పిపెట్లు, ల్యాబ్ కోట్లు వేర్వేరుగా ఉండాలి. మెషీన్ గది నుంచి మిక్స్ గదికి ఏదీ వెనక్కి రాకూడదు. గదులు తక్కువున్న ల్యాబ్‌లలో ఎక్కువగా తప్పేది ఈ నియమమే. కరెంటు పోయినప్పుడల్లా ప్రోబ్‌లు (వెతికే జీన్‌కు అతుక్కుని సిగ్నల్ ఇచ్చే డీఎన్‌ఏ ముక్కలు) కరిగి మళ్లీ గడ్డకడితే సిగ్నల్ పడిపోతుంది. అందుకే ఒక్కో రన్‌కు సరిపడా చిన్న ట్యూబుల్లో పంచి, వెలుతురు తగలకుండా ఉంచాలి.

ముందు మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఏడాదైనా కల్చర్, గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం) చేయండి. వెల్లూరు సీఎంసీ ఈ రంగంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతీయ రిఫరెన్స్ ల్యాబ్. అక్కడి నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఫ్రెంచ్ ఇవాళే మొదలుపెట్టండి. నైజర్, బుర్కినాఫాసో, మాలిలలో రిపోర్టులన్నీ ఆ భాషలోనే.

ఇక ఆ కోర్సు సంగతి. ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: చెడిపోయిన రన్‌లు చూపించి, కారణం మాతో కనిపెట్టిస్తారా? లేదంటే ఆ డబ్బు ఫ్రెంచ్ క్లాసులకు పెట్టండి.