సెంట్రల్ లైన్‌తో ఫిల్టర్ నడపబోయే నా బిడ్డకు

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ ఐసీయూలోకి రక్తాన్ని ఫిల్టర్ చేసే కొత్త మెషీన్ వచ్చిందట, డయాలసిస్ కాథెటర్ అనే లావు గొట్టం అక్కర్లేకుండా, మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలో వేసే మామూలు సెంట్రల్ లైన్‌కే తగిలించి నడపొచ్చట, ఆ బాధ్యత నీకే ఇచ్చారట. సంతోషం పట్టలేక పక్కింటావిడకు కూడా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మొదట ఆ మెషీన్ నిమిషానికి ఎంత రక్తం లాగుతుందో కనుక్కో. గుండె జబ్బువాళ్లకు ఒంట్లో నీరు మెల్లగా తీసే మెషీన్‌ అయితే 10 నుంచి 40 ఎంఎల్ చాలు, సన్న లైన్ తట్టుకుంటుంది. అదే సీఆర్ఆర్‌టీ, అంటే రాత్రీపగలూ ఆగకుండా నడిచే డయాలసిస్ అయితే 150, 200 కావాలి. మెడలో ఉండే ట్రిపుల్ ల్యూమెన్, అంటే లోపల మూడు దారులున్న సెంట్రల్ లైన్, 7 ఫ్రెంచ్ (గొట్టం లావు కొలత), డయాలసిస్ కాథెటర్ 11.5 నుంచి 13.5. చూడ్డానికి పెద్ద తేడా అనిపించదు కానీ, గొట్టం లోపలి వెడల్పు సగమైతే అదే ప్రెషర్‌కు పారేది సగం కాదమ్మా, పదహారో వంతు.

ఈ లెక్క నాకు 2008లో తెలియదు. హాస్పిటల్ పేరు వద్దులే, హైదరాబాద్‌లోనే. రాత్రి రెండు గంటలకు సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి, ఒకామె, కిడ్నీలు ఆగిపోయాయి. డయాలసిస్ కాథెటర్లు స్టోర్‌లో ఉన్నాయి, తాళాలు ఉన్నతను ఇంటికెళ్లాడు. మెడలో ట్రిపుల్ ల్యూమెన్ ఉంది కదా సార్, తెల్లారేదాకా దాంతోనే నడిపిద్దాం అన్నది నేనే. రెండు రాత్రులుగా నిద్రలేని డాక్టర్ సరేనన్నాడు. మొదలుపెట్టగానే లాగే వైపు ప్రెషర్ మైనస్ 280, అలారం. స్పీడ్ 150 నుంచి 100కి, తర్వాత 60కి తగ్గించి మ్యూట్ నొక్కాను. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాను. రక్తం మెల్లగా పారితే ఫిల్టర్‌లో నిలిచి గడ్డకడుతుందని నాకు తట్టలేదు. దానికి తోడు ఆమెకు బీపీ నిలబెట్టే మందు నోరాడ్ పక్క ల్యూమెన్‌లోనే పోతోంది, ఆ మందునూ మెషీన్ లాగేసుకుంటోందేమో, బీపీ కిందికి జారింది. ఇంకో ముప్పావు గంటకు ఫిల్టర్ లోపలి దారాల్లో నల్లని చారలు కనిపించాయి, ముందు ఒకటి, రెండు, తర్వాత సగం. సర్క్యూట్‌లోని రక్తాన్ని తిరిగి ఎక్కించలేకపోయాం. దాదాపు 200 ఎంఎల్, అసలే రక్తం తక్కువున్న మనిషికి.

ఆమె భర్త ఆ చలిలో చెప్పుల్లేకుండా బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాడు. పొద్దున తొడలో కాథెటర్ వేశాక మెషీన్ చక్కగా నడిచింది, ఆమె బతికింది. డిశ్చార్జ్ రోజు ఆయన నాకు దండం పెట్టాడు. జరిగింది డాక్టర్‌కు చెప్పాను కానీ ఆయనకు చెప్పలేకపోయాను. ఆ దండం ఇప్పటికీ గుర్తొస్తుంది బిడ్డా.

అందుకే మ్యూట్ బటన్ మీద చెయ్యి పెట్టకు. అలారం మోగితే ముందు పేషెంట్ మెడ, తర్వాత లైన్ మడత, ఆ తర్వాతే మెషీన్. నువ్వు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ మనిషివి, పాలు పొంగకముందే స్టవ్ ఆపేదానివి, అందుకే ఇంతసేపు చెబుతున్నా. కోప్పడకు.

మిగతావి నీకు తెలుసు. లైన్ కొత్తగా వేస్తే ఎక్స్‌రే చూడకుండా మొదలుపెట్టకు. లైన్‌లో హెపారిన్ లాక్, అంటే గడ్డకట్టకుండా నింపి ఉంచిన మందు ఉంటే ముందు లాగి పారెయ్, లోపలికి తొయ్యకు. క్లాంప్ వేయకుండా మూత తీయకు, గాలి పోతే సెకన్లలో ప్రాణం మీదికొస్తుంది. పెద్ద మెషీన్‌కు కాథెటర్ అవసరమైతే కుడి మెడ మొదటి మాట, తర్వాత తొడ, కాలర్ ఎముక కింద వేస్తామంటే ఎందుకని అడుగు, పెద్ద డాక్టరైనా సరే.

రాత్రి డ్యూటీకి వెళ్లేముందు తిని వెళ్లు, చాయ్‌తో కడుపు నింపుకోకు. మొదటి పేషెంట్ అయిపోగానే ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్. మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ