1941 బేస్‌బాల్ సీజన్‌లో .406 సగటు కొట్టినా టెడ్ విలియమ్స్‌కి ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) ఎందుకు రాలేదు?

బ్యాటింగ్ సగటులో ఆ ఏడాది అమెరికన్ లీగ్‌ టాపర్ విలియమ్సే. 456 ఎట్‌-బ్యాట్‌లలో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) 185 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరిన సార్లు), అంటే .406. సెసిల్ ట్రావిస్ .359తో రెండోవాడు, ఎంవీపీ గెలిచిన జో డిమాజియో .357తో మూడోవాడు. కానీ డిమాజియో వరసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు, పైగా అతని జట్టు యాంకీస్ లీగ్ గెలిచింది. ఎంవీపీకి ఓట్లేసేది విలేకరులు, వాళ్లు ఆ రెండింటికీ మొగ్గారు.

నన్నడిగితే విలియమ్స్‌కే ఇవ్వాల్సింది. చివరి రోజు పొద్దున అతని సగటు .39955. బెంచి మీద కూర్చున్నా రికార్డుల్లో .400 అనే పడేది. అయినా ఫిలడెల్ఫియాతో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 ఎట్‌-బ్యాట్‌లలో 6 హిట్లు బాదాడు.