ఫుట్‌బాల్ ప్రెజెంటర్ కావాలంటే లండన్ డిగ్రీ ఉండాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దట, బ్రిటన్ టీవీ ప్రెజెంటర్ కేట్ అబ్డో లాగా అంతర్జాతీయ చానళ్లలో ఫుట్‌బాల్ ప్రెజెంటర్ అవుతుందట. లండన్‌లో స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ డిగ్రీ చేస్తే ఉద్యోగం ఖాయమని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి పంపాలా, ఇక్కడే డిగ్రీ చేయించాలా? చుట్టాలు నవ్వుతారని మావారి బాధ.
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఇల్లు తాకట్టు పెట్టకండి. చదువయ్యాక బ్రిటన్‌లో ఉండనిచ్చే గడువు ఇప్పటిదాకా 2 ఏళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ వాళ్లకు 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే ఏదో ఒక సంస్థ జీతమిచ్చి, వీసాకు స్పాన్సర్ చేయాలి. ప్రెజెంటర్లలో చాలామందిని తీసుకునేదేమో రోజు కూలి లెక్కన, లేదా సీజన్ కాంట్రాక్టు మీద. అలాంటి పనికి స్పాన్సర్ దొరకడం చాలా కష్టం. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క చెప్పారా? పైగా ప్రసార హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారతాయి. చానల్ హక్కులు పోగొట్టుకుంటే ఆ షో చేసేవాళ్ల పనీ పోతుంది.

కేట్ అబ్డో (ఇప్పుడు కేట్ స్కాట్) దారి కాస్త చూడండి. పుట్టింది మాంచెస్టర్‌లో. ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ మాట్లాడుతుంది. జర్మనీ చానళ్లలో పనిచేసి, అమెరికాలో సీబీఎస్ చానల్ వాళ్ల చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ టోర్నీ) షో దాకా వెళ్లింది. ఆమెను దేశాలు దాటించింది ఆ భాషలు. మన దేశపు ప్రెజెంటర్ మయంతి లాంగర్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడిన మనిషి, 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఈఎస్‌పీఎన్‌లో షో చేసింది.

మీరు కోర్సు గురించి రాశారు, చుట్టాల గురించి రాశారు. అమ్మాయి ఎన్ని మ్యాచ్‌లు పూర్తిగా చూస్తుంది, ఎప్పుడైనా ఆడిందా అన్నది రాయలేదు. అడిగి తెలుసుకోండి, కోపంగా కాదు. చలికాలంలో చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు మనకు రాత్రి 1:30కి మొదలవుతాయి. చూస్తుంటే తిట్టి టీవీ కట్టేస్తున్నారేమో, అదీ ఆలోచించండి.

ఇక అసలు పని. ప్రెజెంటర్ చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది. తను మాట్లాడుతుండగానే ప్రొడ్యూసర్ 'పది, తొమ్మిది, ఎనిమిది' అని లెక్కపెడుతుంటాడు. సున్నాకు వాక్యం పూర్తవ్వాలి, లేదంటే ప్రకటన వచ్చి మాట మధ్యలోనే తెగిపోతుంది. కొత్తవాళ్లు చెవిలో గొంతు వినగానే ఆగిపోతారు. రెండో తప్పు, విశ్లేషణకు పిలిచిన మాజీ ఆటగాడిని ఒకే ఊపిరిలో మూడు ప్రశ్నలు అడగడం. ఆయన చివరిదానికే జవాబిస్తాడు. హాఫ్‌టైమ్ 15 నిమిషాలు, ప్రకటనలు పోగా మిగిలేది కొంచెమే. ప్రెజెంటర్ తన విశ్లేషణ మొదలుపెడితే ఆయన్ని పిలిచిందెందుకు?

దీనికి లండన్ అక్కర్లేదు. ఒక ఫోన్ స్టాండుకు పెట్టి వీడియో తీస్తూ, ఇంకో ఫోన్‌కు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తమ్ముడో మీరో అందులో కాల్ చేసి 30 నుంచి లెక్కపెడుతుంటే అమ్మాయి మ్యాచ్ గురించి చెప్పి సున్నాకు ఆపాలి. రోజూ. చూసి చదవకూడదు.

పోలిక అడిగారు కాబట్టి: తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ బీఏలు ఉన్నాయి. నా ఓటు దానికే. ఫీజు లండన్‌తో పోల్చే పనే లేదు, ఆ తర్వాత జర్నలిజం పీజీ చేసుకోవచ్చు. టీవీ కుదరకపోయినా విదేశీ భాష బాగా వస్తే హైటెక్ సిటీ కంపెనీల్లో ఉద్యోగాలున్నాయి, మీ అమ్మాయి రోడ్డున పడదు. చుట్టాలకు ఇంతకన్నా జవాబు అవసరం లేదు.

ఒక్కటి మాత్రం దాచను. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మీదే బతకడం కష్టం. 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టిన మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీయే 2025లో ఢిల్లీకి తరలిపోయింది. తెలుగు స్పోర్ట్స్ చానల్లో మొదటి అవకాశం క్రికెట్‌కో కబడ్డీకో రావచ్చు, అదీ తెర వెనక రీసెర్చ్ పనిలో. కాదనకూడదు, ప్రొడ్యూసర్లు పరిచయమయ్యేది అక్కడే.

మూడు నెలలు పైన చెప్పిన సాధన చేయించి, మొదటి వీడియో, చివరి వీడియో పక్కపక్కన పెట్టి మీరూ మీవారూ కలిసి చూడండి. అప్పుడు మళ్లీ రాస్తే ఏ భాష తీసుకోవాలో తేల్చుకుందాం. ఈలోగా ఇఫ్లూ దరఖాస్తు గడువు మాత్రం దాటనివ్వకండి.